నా దగ్గర ఉండిపోయిన బిళ్ళ

నాలుగేళ్ళుగా ఒక మాటను లోపల పెట్టుకుని తిరుగుతున్నాను. మోస్తూ ఉంటే అలవాటవుతుందిలే అనుకున్నాను. కాలేదు. ఈమధ్య కొత్త భయం ఒకటి పట్టుకుంది. దీన్ని దాచే తెలివి నాకు ఇంకెన్నాళ్ళు ఉంటుందో తెలియదు. అందుకే రాస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే నాకు ధైర్యం.

ముందే చెప్పేస్తాను. లేకపోతే మధ్యలో ఎక్కడో తప్పించుకుంటాను. నా సంగతి నాకు తెలుసు.

నా భర్తకు మతిమరుపు జబ్బు వచ్చింది. ఇంట్లోనే ఉంచి మూడేళ్ళు చూసుకున్నాను. అందరూ అలాగే అంటారు, చూసుకున్నానని. ఆ చివరి ఏడాదిలో నేను ఆయన్ని పగటిపూట కిటికీ లేని గదిలో పెట్టి, లైటు ఆపి, బయట గొళ్ళెం వేశాను. ఒక్కసారి కాదు, చాలాసార్లు. ఒక రోజు లోపల నుంచి ఆయన పిలిచాడు. విన్నాను. తీయలేదు.

దినాల నాడు మా బంధువుల్లో ఒక పెద్దావిడ నా గడ్డం పట్టుకుని, ఇట్లాంటి భార్య ఏ మొగోడికి దొరుకుతుంది అని ఏడ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. నేనూ ఏడ్చాను. ఆ ఏడుపు ఎందుకో నాకొక్కదానికే తెలుసు. నన్ను పతివ్రతల వరసలో కూర్చోబెట్టి ఆ రోజు అందరూ కడుపునిండా తిని పోయారు.

మాది శ్రీరాంపూర్. నేను పుట్టింది చొప్పదండి దగ్గర ఒక పల్లెలో. పెళ్ళయ్యాక పచ్చని పొలాలు వదిలి బొగ్గు దుమ్ములోకి వచ్చాను. పదో తరగతి పాసైనందుకు అంగన్‌వాడీ టీచరు పని దొరికింది. ఇరవై ఏళ్ళకు పైగా పిల్లల బరువులు రిజిస్టర్లలో రాశాను. ఏడ్చే పిల్లల్ని చీకటి గదిలో పెట్టి భయపెట్టకండమ్మా అని తల్లులకు చెప్పిన దాన్ని నేను.

మా ఆయనది బాయి పని. బొగ్గు గనిని మా దగ్గర బాయి అంటారు. అందులో ఆయన టింబర్ పని చేసేవాడు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టాలి. నిలబెట్టేముందు కర్రతో కప్పును తట్టి చూడాలి. గట్టిగా పలికితే మంచిది. బోలుగా పలికితే అక్కడి నుంచి తప్పుకోవాలి. ఒక్కోసారి తట్టకుండానే పైన సన్నగా చిటపటలు మొదలవుతాయట. కప్పు మాట్లాడుతోంది అనేవాడు దాన్ని. ఇంటికొచ్చి ఇవన్నీ చెప్పేవాడు, నేను కూర తరుగుతూ ఊ కొట్టేదాన్ని. ఎప్పుడైనా లోపల చిక్కుకుపోతే అరవకూడదని, గాలి వృథా అవుతుందని, మూడేసి దెబ్బలు కొట్టి ఆగి మళ్ళీ మూడు కొట్టాలని కూడా ఆయనే చెప్పాడు. చెప్పకపోయి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనుకుంటాను. నాకు తెలియదని చెప్పుకోవడానికి ఒక దారి ఉండేది.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆయనకు పోశెట్టి అని ఒక జోడీ ఉండేవాడు. ఇద్దరూ కలిసి పని చేసేవాళ్ళు, ఒకే డబ్బాలో తినేవాళ్ళు. మా కూతురు రమ పుట్టిన ఏడాదే కప్పు కూలి పోశెట్టి పోయాడు. ఆ తర్వాత ఒకే ఒక్కసారి, నా ఒడిలో తల పెట్టి, ఆయన నాకు నిజం చెప్పాడు. కప్పు మాట్లాడటం ముందు తనే విన్నాడట. వినగానే పరుగెత్తాడట. పోశెట్టిని పిలవలేదు. వెనకే వస్తున్నాడనుకున్నాడో, అసలు ఏమీ అనుకోలేదో, తనకే తెలియదన్నాడు. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. ఆయన దాన్ని అట్లాగే మోసుకుంటూ ఇరవై ఆరేళ్ళు అదే బాయిలోకి దిగాడు.

ఉద్యోగం అయిపోయిన రెండేళ్ళకు మొదలైంది. మొదట చీపురుకట్ట కర్ర తీసుకుని ఇంటి స్లాబును తడుతూ తిరిగేవాడు. మేము నవ్వాం. రమ కరీంనగర్ నుంచి వచ్చినప్పుడు, బాపు మన ఇల్లు పాస్ చేసిండా లేదా అని ఆటపట్టించేది. తర్వాత ఒక పొద్దున ఆయన కనిపించలేదు. బొగ్గు లారీలు పోయే రోడ్డు వెంట నడుచుకుంటూ పోయి, పాత గేటు దగ్గర మొదటి షిఫ్టు వాళ్ళ వరసలో నిలబడ్డాడు. లుంగీ మీద, చెప్పుల్లేకుండా. తెలిసినవాళ్ళు తీసుకొచ్చి దిగబెట్టారు. ఆ నెలలో అట్లా మూడుసార్లు.

ఆ తర్వాత నేనెవరో కూడా మరిచిపోయాడు. స్నానం చేయించబోతే, ఎవరో ఆడమనిషి తన బట్టలు విప్పుతోందని వణికిపోయేవాడు. ఒకసారి చేతిలో ఉన్న కర్రతో నా మణికట్టు మీద కొట్టాడు. వాచింది. నల్లా దగ్గర బిందె తగిలిందని రమకు చెప్పాను. అప్పటి నుంచి ఆయన లేచి నిలబడితే చాలు, నేను రెండడుగులు వెనక్కి వేసేదాన్ని. మూడు పదుల కాపురంలో నన్ను ఒక్క దెబ్బ కొట్టని మనిషి. ఆ మనిషిని చూసి నేను వంటింట్లో తలుపు వెనక నిలబడేదాన్ని. భయపడ్డాను అని రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా అది నిజం.

ఆ గది ఉపాయం నాకు ఎట్లా దొరికిందో చెప్తాను. వానాకాలం, ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఆయన దేన్నో వెతుకుతూ ఇల్లంతా తిరిగి సామాన్ల గదిలోకి పోయాడు. కిటికీ లేని గది. బియ్యం డబ్బాలు, పాత మంచం పట్టెలు, తలకు కొంచెం పైన ఒక సజ్జ. నేను భయంభయంగా వెళ్ళి చూస్తే ఆయన నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నాడు. ముఖంలో ఎన్నాళ్ళకో నెమ్మది కనిపించింది. ఇయ్యాల కింద చల్లగున్నది అన్నాడు. బాయిలో ఉన్నాననుకున్నాడు. కరెంటు వచ్చేదాకా అట్లాగే కూర్చున్నాడు. ఆ గంటలో నేను తల దువ్వుకున్నాను. వేడి వేడి టీ తాగాను. నన్ను అడగండి, ఆ టీ రుచి ఇంకా గుర్తుంది.

మర్నాడు కరెంటు ఉంది. లైటు నేనే ఆపాను.

మంచిర్యాల డాక్టరు అంతకు ముందే చెప్పి ఉన్నాడు. ఇట్లాంటి వాళ్ళకు వెలుతురు ఉండాలి, చీకట్లో ఒంటరిగా ఉంచితే భయాలు పెరుగుతాయి అని. అర్థమైందా అమ్మా అని రెండుసార్లు అడిగాడు. అర్థమైంది అన్నాను.

ఆయన ఊరికే లోపలికి పోడు కదా, పద్ధతిగా పని చేసిన మనిషి. దానికీ ఒక పద్ధతి కావాలి. బాయిలో దిగేముందు ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ళను ల్యాంపు రూంలో ఇచ్చి, తలకు పెట్టుకునే దీపం తీసుకుంటాడు. పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ వెనక్కి తీసుకుంటాడు. షిఫ్టు దాటినా ఒక బిళ్ళ మిగిలి ఉందంటే ఒక మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. అప్పుడు ల్యాంపు రూం మనిషి కుర్చీలోంచి లేవకూడదు, కబురు పంపాలి. ఇదంతా ఆయన చెప్పిందే. పాత తాళాల గుత్తికి ఒక ఇత్తడి బిళ్ళ వేలాడుతుండేది. దాన్ని ఊడదీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని బొటనవేలితో తడిమి, గుర్తుపట్టినట్టు నవ్వి, గది గుమ్మం దగ్గర నాకు తిరిగి ఇచ్చాడు. పాత టార్చిలైటు ఒకటి ఇచ్చాను. దాంట్లో సెల్లు లేదు. లోపలికి పోయాడు. గొళ్ళెం వేశాను.

మొదట అరగంట. తర్వాత అన్నం ఉడికేదాకా. తర్వాత మూడు గంటల సైరన్ దాకా. మా ఇంటికి బాయి సైరన్ స్పష్టంగా వినిపిస్తుంది. అది మోగగానే తలుపు తీస్తే ఆయన బయటికి వచ్చి, చేయి చాచి బిళ్ళ అడిగి తీసుకుని, కాళ్ళు చేతులు కడుక్కుని, పీట మీద కూర్చునేవాడు. కడుపునిండా తినేవాడు. షిఫ్టు చేసొచ్చిన మనిషి లాగా నిద్రపోయేవాడు. ఇందులో తప్పేముంది అనుకున్నాను. ఆయనకూ సుఖమే కదా అనుకున్నాను. అనుకోవడానికేం, నోరు కూడా నొప్పి పుట్టదు.

ఇంకో సంగతి రాస్తాను, ఇది చిన్నది, కానీ నన్ను చాలా కుదిపేస్తుంది. మా ఇంట్లో నేను ఆయన్ని ఏనాడూ నువ్వు అనలేదు. ల్యాంపు రూం మనిషి వేషం కట్టాక, పో, కూసో, సప్పుడు చెయ్యకు అని అనడం మొదలుపెట్టాను. ఆయన వినేవాడు. అది నాకు బాగుండేది. ఆదివారం రమ వస్తే గదికి గొళ్ళెం ఉండేది కాదు, లైటు వెలిగేది, నా నోటి నుంచి మళ్ళీ మీరు, మీరు అని వచ్చేది. అంటే నేను చేసేది తప్పని నాకు తెలుసు. తెలియకపోతే దాచేదాన్ని కాదు కదా?

ఆ రోజు సంగతికి వస్తాను. చుట్టూ తిరుగుతున్నాను, మీరు చూస్తూనే ఉన్నారు.

అంతకు ముందు రోజు పక్కింటి రాజేశ్వరి గోడ మీద నుంచి, రేపు బాయిలో సమ్మె అని, వాళ్ళాయన ఇంట్లోనే ఉంటాడని చెప్పింది. నేను తల ఊపాను. రెండు రోజులుగా ఆయన నిద్రపోలేదు, నన్నూ నిద్రపోనివ్వలేదు. పొద్దున కంచం విసిరికొట్టాడు. చారు నా చీర మీద పడింది. పది గంటలకే బిళ్ళ తీసుకుని గది దగ్గరికి నడిపించాను. గుమ్మంలో ఆగి, రోజూ అడిగినట్టే, పోశెట్టి వచ్చిండా అని అడిగాడు. రోజూ నేను, సెలవుల ఉన్నడు అనేదాన్ని. ఆ రోజు కోపంలో, వచ్చిండు, లోపలున్నడు, పో అన్నాను. ఎందుకన్నాను? త్వరగా లోపలికి పోతాడని. అంతే.

గొళ్ళెం వేసి వసారాలో చేటలో కందిపప్పు పోసుకుని కూర్చున్నాను. ఒంటి గంట దాటాక తట్టడం మొదలైంది. అది మామూలే, రోజూ చీపురుకర్రతో అక్కడా ఇక్కడా తడుతుంటాడు. తర్వాత ఆ చప్పుడు మారింది. మూడు దెబ్బలు. ఆగింది. మళ్ళీ మూడు. ఆగింది. మళ్ళీ మూడు. నా చేయి పప్పులో ఆగిపోయింది. లేచి తలుపు దగ్గరికి వెళ్ళాను.

"పోశెట్టీ! ఇంటున్నవా?" అన్నాడు లోపల నుంచి.

చెవి తలుపుకు ఆనించాను.

"కప్పు మాట్లాడుతాంది రా. మంచిగ లేదు. నువ్వు పో."

"షిఫ్టు అయిపోలే. సైరన్ మోగలే. సప్పుడు చెయ్యకుండ కూసో," అన్నాను.

ఆ తర్వాత గొంతు బాగా దగ్గరగా వచ్చింది. అరవడం లేదు. బతిమాలుతున్నాడు.

"నేను పట్టుకున్న పైన. ఫికర్ చెయ్యకు. జల్ది పో, పోశెట్టీ. గీసారి నేను పిలుస్తున్న గదరా."

నా చేయి గొళ్ళెం మీద ఉంది. ఇనుము చల్లగా తగిలింది. తీస్తే ఏమవుతుంది? ఆ భయంలో బయటికొచ్చి కర్ర ఎత్తుతాడు. మళ్ళీ కొడతాడు. మళ్ళీ రోడ్డెక్కుతాడు. మళ్ళీ వెంట పరుగెత్తాలి. సైరన్ మోగాక తీస్తే మామూలుగానే వస్తాడు, రోజూ అట్లాగే కదా వస్తున్నాడు. అట్లా నాకు నేను చెప్పుకున్నాను. చేయి తీసేశాను. వసారాలోకి వచ్చి, కొంగు తలచుట్టూ తిప్పి చెవులకు గట్టిగా కట్టుకున్నాను. అట్లా కట్టుకున్నా మూడు మూడు దెబ్బలు లోపలికి వస్తూనే ఉన్నాయి.

నేను సైరన్ కోసం కూర్చున్నాను. నా ఎదురుగా గోడ గడియారం ఉంది. అది మూడు దాటింది. నాలుగు దాటింది. సైరన్ మోగలేదు కాబట్టి ఇంకా మూడు కాలేదన్నట్టు కూర్చున్నాను. సమ్మె సంగతి మరిచిపోయానా? అప్పుడు మరిచిపోయాననే అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే ఒట్టేసి చెప్పలేకపోతున్నాను. నాలుగున్నరకు అనుకుంటా, తట్టడం ఆగింది. అమ్మయ్య అనుకున్నాను. ఆ మాట పైకే అన్నాను.

ఐదున్నరకు రాజేశ్వరి, అక్కా నల్లా వచ్చింది అని కేక వేసింది. ఇంకా మూడు గంటల సైరన్ మోగలేదు, అప్పుడే నీళ్ళెట్లా వచ్చాయి అన్నాను. ఆమె నవ్వింది. సమ్మె రోజు సైరన్ ఏడికెల్లి మోగుతదక్కా అంది.

పరుగెత్తాను. గొళ్ళెం తీశాను.

ఆయన నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ పైకెత్తి, అరచేతులు సజ్జకు ఆనించి, మెడ వంచి, దాన్ని మోస్తున్నట్టు నిలబడి ఉన్నాడు. మంచం పట్టె ఒకటి సజ్జ కింద దుంగలా నిలబెట్టి ఉంది. చీపురుకర్ర రెండు ముక్కలై పడి ఉంది. పాదాల చుట్టూ తడి. చేతులు వణుకుతున్నాయి, అయినా దించలేదు. ఎప్పటి నుంచి అట్లా నిలబడ్డాడో నాకు తెలియదు. ఆయన కళ్ళు నా మీద నుంచి జారి తలుపు వైపు పోయాయి, అక్కడి నుంచి బయటి వెలుతురు వైపు. పోశెట్టి పోయాడా లేదా అని చూశాడనుకుంటాను. నేనే ఒక్కొక్క చేయీ పట్టి కిందికి లాగాను. వేళ్ళు విప్పడానికి చాలాసేపు పట్టింది.

ఆ రోజు ఆయన బిళ్ళ అడగలేదు. ఆ తర్వాత దేన్నీ అడగలేదు. నోటి నుంచి మాటే రాలేదు. చేతులు మళ్ళీ సరిగా లేవలేదు. మంచాన పడ్డాడు.

రమ వచ్చి ఏమైందవ్వా అంటే, పొద్దున లేచేసరికి ఇట్లా అయిపోయాడు అన్నాను. డాక్టరు కూడా, ఈ జబ్బు ఇంతే, ఒక్కో మెట్టూ దిగిపోతారు అన్నాడు. ఆ మాటను రెండు చేతులతో పట్టుకున్నాను. నాలుగు నెలలు నోట్లో పాలు పోస్తూ, ఒళ్ళు తుడుస్తూ, పుండ్లు కడుగుతూ చేశాను. లైటు పగలూ రాత్రీ వెలిగించే ఉంచాను. చుట్టుపక్కల వాళ్ళు చూసి మెచ్చుకున్నది ఆ నాలుగు నెలలే. ఆయన పోయాడు.

ఆయన పోవాలని నేను కోరుకున్నానా? ఎన్నిసార్లు అడుక్కున్నానో. లేదు అని వెంటనే వస్తుంది జవాబు. మరి తలుపు దగ్గర నిలబడి కోరుకున్నదేమిటి? ఆ చప్పుడు ఆగాలని. ఎట్లా ఆగాలో నేను అనుకోలేదు. ఎట్లా ఆగినా సరే అన్నట్టు కొంగు కట్టుకున్నాను. నా దగ్గర ఉన్న నిజం ఇంతే, ఇంతకంటే మంచిది వెతికినా దొరకలేదు.

ఇప్పుడు కరీంనగర్‌లో రమ దగ్గర ఉంటున్నాను. నాకంటూ ఒక గది ఇచ్చింది. మంచి గది, పెద్ద కిటికీ. వచ్చిన మొదటి రోజే నేను చూసింది ఆ తలుపుకు బయట ఉన్న గొళ్ళెం. అన్ని తలుపులకూ ఉంటుంది, నాకు తెలుసు. అయినా మొన్న ఇంట్లో ఎవరూ లేనప్పుడు స్క్రూడ్రైవర్ వెతికి దాన్ని ఊడదీసి, చెత్త బండిలో పడేశాను. రమ చూసి, గొళ్ళెం ఏమైంది అవ్వా అని అడిగింది. తుప్పుపట్టి ఊడిపోయింది అన్నాను. కొత్తదానికి తుప్పేంది అన్నట్టు చూసింది.

గత నెలలో పప్పులో రెండుసార్లు ఉప్పు వేశాను. పాల ప్యాకెట్ బీరువాలో పెట్టాను. మనవరాలి పేరు ఒక పూటంతా నోటికి రాలేదు. పెద్దతనం అంటోంది రమ. అలాగే కావచ్చు. కానీ ఆయనకూ ఇట్లాగే మొదలైంది. నాకు మతి పోతే ఏ చోటికి పోతానో నాకు తెలుసు. ఆయన బాయిలోకి పోయాడు. నేను ఆ వసారాలోకి పోతాను. అక్కడ కూర్చుని, అందరి ముందూ, సైరన్ మోగలే, సప్పుడు చెయ్యకు అని అంటూ ఉంటాను. రమ నా పక్కన కూర్చుని వింటుంది. ఏమంటున్నవవ్వా అని అడుగుతుంది. అప్పుడు నేను చెప్పేది ఒప్పుకోవడం కూడా కాదు. తెలివి ఉండగా చెప్పాలి అనుకున్నది అందుకే. రమకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. మీకు చెప్పాను.

ఆ బిళ్ళ ఇంకా నా దగ్గరే ఉంది. పెట్టె అడుగున, ఒక జేబురుమాలులో. ఆయన్ని తీసుకుపోయే ముందు చేతిలో పెడదామని రెండుసార్లు దగ్గరికి పోయాను. ఎవరైనా ఇదేమిటి అని అడుగుతారని భయపడి వెనక్కి వచ్చాను. ఇక దాన్ని ఎవరికి ఇవ్వాలో తెలియదు. ల్యాంపు రూం మనిషి కుర్చీ లోంచి లేవకూడదు అని ఆయన చెప్పాడు కదా. నేను లేవలేదు, కూర్చునే ఉన్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. మీరు క్షమించినా అది నాకు చేరదు. అడగవలసిన మనిషి నన్నే పోశెట్టి అనుకుని పొమ్మన్నాడు, పైన బరువు తను పట్టుకుని. నేను పోలేదు. తలుపు తీయలేదు. కానీ వినిపించలేదని, నిద్రపోయానని, జబ్బు ముదిరిందని ఇక ఎవరికీ చెప్పను. విన్నాను. మూడు మూడు దెబ్బలూ విన్నాను. వాటి అర్థం నాకు తెలుసు.